కుక్క చెవి, మనిషి మీటరు

కొండగట్టు మీద లడ్డూకు మూడు వాటాలు. మొదటిది కొన్న భక్తుడిది, రెండోది కోతిది, మూడోది కుక్కది. మంగళవారమో శనివారమో ఎక్కి చూడండి. దర్శనం చేసుకుని బయటికొచ్చినవాళ్ల చేతిలో ప్రసాదం కవరు కనపడితే చాలు, రేకుల మీది నుంచి కోతి దిగుతుంది. గుంజుకుని గోడెక్కుతుంది, చింపుతుంది, సగం తిని సగం కింద పోస్తుంది. అప్పటిదాకా ఈ లోకంతో తనకు పని లేనట్టు పడుకున్న కుక్క అప్పుడు లేస్తుంది. దానికి తొందరేమీ ఉండదు. కోతి చేయి ఎంత వృథా చేస్తుందో దానికి ఏండ్లుగా తెలుసు.

అక్కడ కొబ్బరికాయలమ్మే పెద్దాయన ఒకసారి నన్ను అడిగాడు. "సారూ, గింత తీపి తింటయి గదా, గీ కుక్కలకు షుగర్ రాదా?"

నవ్వులాటకు అడగలేదు. ఆయనకు షుగర్ ఉంది. చాయలో చక్కెర మానేసి చాన్నాళ్లయింది. పొద్దంతా కండ్ల ముందు లడ్డూలు తినే జీవాలను చూస్తూ కూర్చునే మనిషికి ఆ అనుమానం రావడం న్యాయమే.

ఇక్కడో చిన్న పక్కమాట. జగిత్యాల జిల్లాలో రెండు ముత్యంపేటలున్నాయి. మల్యాల మండలం ముత్యంపేటలో కొండగట్టు అంజన్న కొలువున్నాడు. మెట్‌పల్లి దిక్కున మల్లాపూర్ మండలం ముత్యంపేటలో నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఉండేది, 2015 డిసెంబరులో మూతపడ్డది. ఒక ముత్యంపేటలో చక్కెర తీయడం ఆగింది గానీ, ఇంకో ముత్యంపేటలో తినడం ఆగలేదు.

పెద్దాయనకు నేను సగం జవాబే చెప్పగలిగాను. "వస్తది గానీ లడ్డూతోటి కాదు" అనేలోపే గిరాకీ వచ్చింది. మిగతా సగం ఇదీ. కుక్కకు ఈ జబ్బు వచ్చే దారి మన దారి కాదు. మనలో ఎక్కువమందికి వయసు, పొట్ట పెరిగాక, ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా అది సరిగా పనిచేయక షుగర్ వస్తుంది. కుక్కకైతే క్లోమంలో ఇన్సులిన్‌ను తయారుచేసే కణాలే నశిస్తాయి. కొన్నిట్లో సొంత రోగనిరోధక శక్తే వాటి మీద పడుతుంది, కొన్నిట్లో క్లోమం వాచి పాడవుతుంది. పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కల సంగతి ఇంకొకటి. ఎదకు వచ్చి పోయిన తర్వాత రెండు నెలల దాకా వాటి ఒంట్లో ప్రొజెస్టిరాన్ ఎక్కువగా ఉంటుంది. అది గ్రోత్ హార్మోన్‌ను పెంచుతుంది, ఆ హార్మోన్ ఇన్సులిన్ పనిని చెడగొడుతుంది. కాబట్టి లడ్డూలో కుక్కకు చెరుపు చేసేది చక్కెర కన్నా నెయ్యి. కొవ్వు తిండి క్లోమం వాపుకు ఒక దారి.

పిల్లి ఈ విషయంలో మనకు దగ్గరి చుట్టం. ఇంట్లో పడుకుని, పెట్టింది తిని, బరువెక్కి, మనలాగే రెండో రకం షుగర్ తెచ్చుకుంటుంది. చిత్రమేమిటంటే దానికి తీపి రుచే తెలియదు. నాలుక మీద తీపిని పట్టే గ్రాహకానికి కావలసిన జన్యువు పిల్లి జాతి మొత్తంలోనే చెడిపోయి ఉందని ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ శాస్త్రవేత్తలు 2005లో తేల్చారు. లడ్డూ దగ్గరికి పిల్లి వచ్చిందంటే అది నెయ్యి వాసనకే.

కొండ మీది కుక్కల్లో షుగర్ మనకు కనపడకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఇది అంత సరదాగా చెప్పుకునేది కాదు. కుక్కల్లో ఈ జబ్బు ఎక్కువగా ఏడెనిమిదేండ్లు దాటాక వస్తుంది. వీధికుక్క అంత వయసు చూడటమే అరుదు. ఘాటు రోడ్డు మీద బండ్లు, పార్వో, డిస్టెంపర్, గజ్జి, వీటన్నిటినీ దాటుకుని రావాలి. వచ్చి, దానికి షుగర్ పట్టిందే అనుకోండి. చూసేదెవరు? ఈ జబ్బుకు మొట్టమొదటి ఆనవాలు దాహం. కోనేటి మెట్ల మీద, కుళాయి కింద, హోటలు వెనకాల అది ఎన్నిసార్లు నీళ్లు తాగిందో ఎవరికీ లెక్క ఉండదు. దాహం లెక్క తెలియాలంటే దానికంటూ ఒక గిన్నె ఉండాలి. ఆ గిన్నెను రోజూ నింపే చేయి ఉండాలి.

కోరుట్లలో మా చిన్నమ్మ ఇంట్లో అలాంటి గిన్నె ఉంది. ఈ దిక్కున చాలా ఇండ్లలో తెలిసిన కథే. కొడుకు దుబాయిలో, కోడలూ పిల్లలూ చదువుల కోసం హైదరాబాదులో, రెండంతస్తుల ఇంట్లో తల్లి ఒక్కతే, ఆమెకు తోడు ఒక తెల్లటి పొమరేనియన్. పేరు చిన్ని, వయసు తొమ్మిది. ఆపరేషన్ చేయించలేదు. చిన్నమ్మకు కూడా షుగరే. కొడుకు కొనిచ్చిన మీటరు టీవీ కింది అరలో, బీపీ గోలీల డబ్బా పక్కన ఉంటుంది. తన రోగం గుర్తులన్నీ ఆమెకు కంఠతా వచ్చు. అందుకే చిన్ని స్టీలు గిన్నె పొద్దూకేలోపు నాలుగుసార్లు ఖాళీ చేయడం మొదలుపెట్టగానే ఆమెకు అనుమానం వచ్చింది. తిండి తగ్గలేదు, నిమిరితే మాత్రం వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి. వాకిట్లో అది పోసిన చోట బండ మీద చీమలు బారు కట్టాయి. మూత్రానికి చీమలు పట్టడం మన పాత వైద్యులకు తెలిసిన గుర్తే. మీటర్లు లేని కాలంలో చీమే పరీక్ష.

నాకు ఫోను చేసింది. "కొడుకా, నా మిషిను సూదితోటి దీని చెవి గుచ్చి చూస్తె పాపమైతదా?"

"ఏం పాపం కాదు చిన్నమ్మా, చూడు. గానీ వచ్చిన నంబరును నీ నంబరు లెక్క అనుకోకు."

"నంబరు నంబరే గదనే. మూడు వందల పద్దెనిమిది అంటె ఎవలకైనా మూడు వందల పద్దెనిమిదే గద!"

అప్పటికే గుచ్చి చూసిందన్నమాట.

నంబరు నంబరే అన్న ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. మనమందరం అనుకునేదే అది. అద్దం మీద అంకె వెలిగిందంటే దానికి ఎదురు చెప్పేదేమీ ఉండదనుకుంటాం. కానీ అదే రోజు పశువుల డాక్టరు చిన్ని ముందుకాలి నరం నుంచి రక్తం తీసి ల్యాబుకు పంపితే 400 దాటి వచ్చింది. డాక్టరు ముందే అదే రక్తం చుక్కను చిన్నమ్మ మీటరు మీద పెడితే మళ్లీ 320 దగ్గరే. మీటరు చెడిపోలేదు, స్ట్రిప్పుల గడువూ దాటలేదు. చిన్నమ్మ రక్తానికి ఆ మీటరు ఎంత నమ్మకమైనదో అంతే నమ్మకమైనది. తేడా చుక్కలోనే ఉంది.

మనిషి రక్తంలో గ్లూకోజు అటు నీటి భాగంలో, అంటే ప్లాస్మాలో ఉంటుంది, ఇటు ఎర్రకణాల లోపలా ఉంటుంది. మన ఎర్రకణాలు గ్లూకోజును ధారాళంగా లోపలికి రానిస్తాయి. మొత్తంలో సుమారు 58 శాతం ప్లాస్మాలో ఉంటే, 42 శాతం కణాల్లో. కుక్క ఎర్రకణాలు అలా రానివ్వవు. వాటి గ్లూకోజులో 87 శాతానికి పైగా ప్లాస్మాలోనే తిరుగుతుంది. పిల్లిలోనైతే 93 శాతం. పెండ్లింటిని తలచుకోండి. మనుషుల పెండ్లిలో పందిరి కింద ఎంత సందడో ఇంటి గదుల్లోనూ ఇంచుమించు అంతే సందడి. కుక్కల పెండ్లిలో జనమంతా పందిరి కిందే, గదులు దాదాపు ఖాళీ. ల్యాబువాళ్లు పందిరి ఒక్కదాన్నే చూసి లెక్క చెబుతారు. మీటరు అలా కాదు, గదులూ పందిరీ కలిపి మొత్తం చూసి, దాన్ని బట్టి పందిరి కింద ఎంతమంది ఉంటారో అంచనా కడుతుంది. అది నేర్చుకున్న అంచనా మనుషుల పెండ్లిది. అందుకే కుక్క విషయంలో అసలు కన్నా తక్కువ చెబుతుంది.

ఈ తేడాను లెక్కలోకి తీసుకుని కుక్కలకూ పిల్లులకూ విడిగా చేసిన మీటర్లున్నాయి. ఆల్ఫాట్రాక్ అనేది వాటిలో పేరున్నది. దాంట్లో చూసేది కుక్కనో పిల్లినో ముందే ఎంచుకోవాలి. మన పట్టణాల మెడికల్ షాపులో అడిగితే షాపాయన తలగోక్కుని మనుషుల మీటర్లే నాలుగు రకాలు ముందు పెడతాడు. ఆయన తప్పేమీ లేదు. అసలు మనుషుల మీటరుకే నిబంధనలు కొంత జారుడు ఇచ్చాయి. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 పైన ఉన్న రీడింగు ల్యాబు లెక్కకు 15 శాతం అటూ ఇటూ ఉన్నా మీటరు పాసైనట్టే. నూరు రీడింగుల్లో 95 ఆ గీతలో పడితే చాలు. నంబరు నంబరే అనే చిన్నమ్మకు ఈ సంగతి చెబితే మొదట తన పాత రీడింగులన్నిటి మీదా అనుమానం వచ్చింది. వాటిని వదిలేయమని బతిమాలవలసి వచ్చింది.

తేడా ఎప్పుడూ ఒక్క తీరుగా ఉంటే పెద్ద చిక్కు లేదు, ఇంత కలుపుకుంటే సరిపోతుంది. అట్లా కుదరదు. ఎందుకు కుదరదో తెలుసుకోవడానికి మన ఊళ్ల కుక్కలే చాలు. వానాకాలంలో వాటి చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో పిడుదులు గుత్తులుగా పడతాయి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు, ఎర్లీకియా అనీ బబీసియా అనీ, రక్తాన్ని పలచబరుస్తాయి. ఎర్రకణాలు తగ్గాయంటే ఆ పెండ్లింట్లో ఖాళీ గదులు తగ్గినట్టు, మీటరు లెక్క పైకి జరుగుతుంది. అంటే రక్తం తక్కువున్న కుక్కలో మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి ఇన్సులిన్ పెంచితే ప్రమాదం అక్కడే ఉంది. ఇక ఎండాకాలం. జగిత్యాలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. వాంతులో విరేచనాలో అయి ఒంట్లో నీరు పోయిన కుక్కకు రక్తం చిక్కబడి, రీడింగు ఇంకా కిందికి జారుతుంది. అదే కుక్క, అదే మీటరు, రెండు కాలాల్లో రెండు తీర్ల అబద్ధం. ఇది చాలదన్నట్టు స్ట్రిప్పుల డబ్బా మీద 30 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. మేలో రేకుల ఇంట్లో, కిటికీ పక్క అలమారలో అది ఎంత వేడెక్కుతుందో మనకు తెలియనిది కాదు.

కుక్క నెత్తురు మనిషి మీటరుకు అంతుపట్టకపోవడంలో ఒక విడ్డూరం ఉంది. షుగర్ గురించి మనిషికి తెలిసిన అసలు సంగతులు కొన్ని మొదట కుక్క ఒంటి మీద తెలుసుకున్నవే. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో ఆస్కార్ మింకోవ్‌స్కీ, జోసెఫ్ ఫాన్ మేరింగ్ ఒక కుక్క క్లోమాన్ని తీసేసి చూశారు. అది మాటిమాటికీ మూత్రం పోయడం మొదలుపెట్టింది, ఆ మూత్రంలో చక్కెర దిగింది. ఈ జబ్బుకూ క్లోమానికీ సంబంధముందని అలా రుజువైంది. 1921లో టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ ఇన్సులిన్‌ను వెతికింది కూడా కుక్కల మీదే. వాటిలో 33వ నంబరు కుక్క మార్జరీ క్లోమం లేకుండా, వాళ్లు ఎక్కించిన రసం మీద సుమారు 70 రోజులు బతికింది. ఆ మరుసటి జనవరిలో, 1922లో, 14 ఏండ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు తొలి సూది పడింది. మార్జరీ లాంటి కుక్కలు లేకపోతే షుగర్ ఉన్న చిన్నమ్మ తమ్ముడు రోజూ పొట్టకు పొడుచుకునే సూదే ఉండేది కాదు.

కొలత కథ వేరే. అప్పట్లో రక్తంలో చక్కెర చూడాలంటే రాగి ద్రావణం కలిపి మరిగించి, వచ్చిన రంగును గాజుగొట్టాల్లో పోల్చి చూసేవాళ్లు. ఆ పద్ధతుల్లో బాగా వాడుకలోకి వచ్చినదాన్ని హార్వర్డ్‌లో ఓటో ఫోలిన్, హ్సియెన్ వూ 1920లో ప్రకటించారు. బోస్టన్ చేరిన మన యల్లాప్రగడ సుబ్బారావు సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగుతోనే లెక్కగట్టే పద్ధతి చెప్పింది ఆ ఫోలిన్ శాఖలోనే. మీటరు చాలా ఆలస్యంగా వచ్చింది. ఆంటన్ క్లెమెన్స్ తయారుచేసిన తొలి మీటరును ఏమ్స్ కంపెనీ 1970 ప్రాంతంలో అమ్మకానికి పెట్టింది. కిలోకు పైగా బరువు, పైగా డాక్టర్లకే అమ్మేవాళ్లు. రిచర్డ్ బెర్న్‌స్టైన్ అనే ఇంజినీరుకు చిన్నప్పటి నుంచీ షుగర్. ఆయన భార్య డాక్టరు. ఆమె పేరు మీద కొనుక్కుని, తన వేలు తానే పొడుచుకుని రోజుకు చాలాసార్లు చూసుకోవడం మొదలుపెట్టాడు. రోగి చేతికి మీటరు ఇస్తే ఎట్లా అని పెద్ద డాక్టర్లు అభ్యంతరపెట్టిన కాలమది. ఇప్పుడు కోరుట్లలో అరవై దాటిన ఆడమనిషి టీవీ సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు కుక్క చెవి గుచ్చి చూస్తున్నది. బెర్న్‌స్టైన్ చూస్తే మెచ్చుకునేవాడే.

ఆ గుచ్చడం చిన్నమ్మకు డాక్టరు దగ్గరుండి నేర్పాడు. చెవి అంచు వెంబడి సన్నటి నరం పోతుంది, వెలుతురుకు పట్టి చూస్తే కనపడుతుంది. ముందు చెవిని అరచేతుల మధ్య పెట్టి కాసేపు వెచ్చబెట్టాలి, చల్లటి చెవి చుక్క ఇవ్వదు. ఆ చోట పలచగా వాసెలిన్ రాస్తే నెత్తురు బొచ్చులోకి పాకకుండా పూసలా నిలబడుతుంది. చెవి వెనకాల దూది అడ్డం పెట్టుకోకపోతే సూది అవతల మన వేలికే దిగుతుంది. గుచ్చిన తర్వాత దూదితో అదిమి పట్టి, ఉడకబెట్టిన కోడి ముక్క ఒకటి నోట్లో పెట్టాలి. చెవి ఇవ్వని కుక్కకు పెదవి లోపలి పక్కన, అరికాలి మెత్త మీద కూడా తీయవచ్చు. అన్నిటికన్నా ముందు చేతులు కడుక్కోవాలి. లడ్డూ పట్టుకున్న వేళ్లతో చెవి పట్టుకుంటే మీటరు చూసేది కుక్క షుగర్ కాదు, అంజన్న ప్రసాదం. చిన్ని మొదట్లో మంచం కిందికి దూరేది. కోడి ముక్క సంగతి తెలిశాక మీటరు డబ్బా జిప్పు చప్పుడుకే వచ్చి కూర్చుంటున్నది.

రీడింగు తప్పు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది చిన్నమ్మ పెట్టుకున్న గురి. ఆమె గోడ మీద, క్యాలెండరు పక్కన, ఆమె డాక్టరు రాసిచ్చిన కాగితముంది. పరగడుపున 120. చిన్నిని కూడా 120కి దింపాలని ఆమె పట్టుదల. "నాకు పనికొచ్చింది దానికెందుకు పనికిరాదు?" అంటుంది. ఇక్కడ మనిషి కొలతే కాదు, మనిషి భయం కూడా కుక్క మీదికి ఎక్కుతున్నది. మనం షుగర్‌ను అంత కింద ఎందుకు పట్టి ఉంచుతాం? ఇరవై, ముప్పయి ఏండ్ల తర్వాత కిడ్నీలు, కంటి పొరలు, కాళ్ల నరాలు పోకుండా. కుక్కకు ఆ ముప్పయి ఏండ్లు లేవు. దాని కిడ్నీలు 180 నుంచి 220 దాటితేనే చక్కెరను మూత్రంలోకి వదులుతాయి. ఆ గీత కింద రోజులో ఎక్కువసేపు ఉంటే దాహం తగ్గుతుంది, కండ పడుతుంది, రాత్రి లేపకుండా పడుకుంటుంది. అందుకే పశువైద్యులు రోజులో ఎక్కువ భాగం సుమారు 100కూ 250కూ మధ్య తిరిగితే సంతోషిస్తారు. 120 కోసం ఇన్సులిన్ పెంచుకుంటూ పోతే ఏదో ఒక మధ్యాహ్నం అది 40కి పడిపోతుంది. తూలుతుంది, కాళ్లు కొట్టుకుంటుంది, ఫిట్స్ వస్తాయి. ఎక్కువ షుగర్ వారాల తరబడి పీడిస్తే, తక్కువ షుగర్ గంటల్లోనే ప్రాణం తీయగలదు. అట్లాంటప్పుడు మాత్రం తేనె గానీ గ్లూకోజు నీళ్లు గానీ బెల్లం పాకం గానీ చిగుళ్లకు రాస్తూ డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

కంటి సంగతి ఒక్కటి వేరు. షుగర్ ఉన్న కుక్కకు శుక్లాలు చాలా తొందరగా వస్తాయి, నెలల్లోనే కంట్లో తెల్లటి పొర దిగుతుంది. చిన్ని ఎడమ కన్ను ఇప్పటికే మబ్బు పట్టింది. పిల్లికి ఆ బాధ దాదాపు లేదు.

చిన్నమ్మ చేయబోయి ఆగిన పని ఇంకోటి ఉంది. తన మెట్‌ఫార్మిన్ గోలీ సగం విరిచి పెరుగన్నంలో కలపబోయింది. కుక్కలో ఇన్సులిన్ చేసే కణాలే లేనప్పుడు, ఉన్న ఇన్సులిన్‌తో పనిచేయించే గోలీ ఏం చేస్తుంది? కుక్కకు రెండు పూటలా సూది తప్ప మార్గం లేదు. ఆ సూది దగ్గరా మన దేశంలో ఒక మెలిక ఉంది. ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 40 దానికి ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ మూత సిరంజి. ఒకదానికి ఇంకోటి వాడితే డోసు రెండున్నర రెట్లు పెరుగుతుంది, లేదా అన్ని రెట్లు తగ్గుతుంది. అయిదు కిలోల కుక్కకు ఇచ్చేదే రెండు, మూడు యూనిట్లు. ఆ చిన్న లెక్కలో ఇంత పెద్ద తప్పు దొర్లితే మీటరు ఎంత మంచిదైనా కాపాడలేదు. చక్కెర లేని తీపి సరుకులు కూడా కుక్కకు దూరంగా పెట్టాలి. వాటిలో కొన్నిట్లో ఉండే జైలిటాల్ మనల్ని ఏమీ అనదు, కుక్క ఒంట్లో మాత్రం ఇన్సులిన్‌ను ఒక్కసారిగా ఎగదోసి షుగర్‌ను పడగొడుతుంది, కాలేయాన్నీ చెరుస్తుంది.

పిల్లుల సంగతి చెప్పకపోతే సిరిసిల్లలో నా స్నేహితుడు ఊరుకోడు. మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన పిల్లి వాళ్లది, చప్పుడుకు బెదరదు. బుట్టలో పెట్టి బస్సెక్కిస్తే మాత్రం ప్రాణం పోయినట్టు అరుస్తుంది. దవాఖానలో చూస్తే దాని షుగర్ 290. ఇంటికి తెచ్చి, మగ్గం పక్కన దాని చోట అది పడుకున్నాక రెండు రోజులకు చెవి గుచ్చి చూస్తే 110. పిల్లికి భయమేస్తే కాలేయం ఉన్న చక్కెరంతా రక్తంలోకి కుమ్మరిస్తుంది. జబ్బు లేకుండానే 300 దాటించగలదు. ఒక్క రీడింగు పట్టుకుని పిల్లికి షుగర్ ఉందని చెప్పేవాళ్లను నమ్మకండి. గడిచిన రెండు మూడు వారాల సగటు చెప్పే ఫ్రక్టోజమీన్ పరీక్ష అందుకే ఉంది. ఇంటి మీటరుకు అసలైన విలువ కూడా ఇక్కడే. అంకె కచ్చితంగా లేకపోయినా, జీవం దాని చోట అది నిమ్మళంగా ఉన్నప్పుడు తీసిన చుక్క కనుక, దవాఖాన బల్ల మీద వణుకుతున్నప్పుడు తీసినదాని కన్నా చాలాసార్లు అదే నిజానికి దగ్గర. నిజంగా షుగర్ వచ్చిన పిల్లికి మొదట్లోనే ఇన్సులిన్ పెట్టి, అన్నం పాలు తగ్గించి మాంసం తిండి పెడితే కొన్నిట్లో జబ్బు వెనక్కి పోయి, సూది అవసరమే లేకుండా పోతుంది కూడా. కుక్కకు ఆ అదృష్టం అరుదు.

ఈ చిన్న మీటరు కుక్క, పిల్లి దగ్గరే ఆగిపోలేదు. ఇదే రకం మీటరులో వేరే స్ట్రిప్పు పెట్టి, ఈనిన పాడి ఆవుల్లో కీటోన్లు చూస్తున్నారు. ఎక్కువ పాలిచ్చే పశువు ఈనిన మొదటి వారాల్లో తిన్నది చాలక ఒంట్లో కొవ్వు కరిగించుకుంటుంది. తోక నరం నుంచి తీసిన చుక్కలో ఆ కీటోను లీటరుకు 1.2 మిల్లీమోల్ దాటితే లోపల జబ్బు మొదలైనట్టు లెక్క. తెలంగాణలో 1962కు ఫోను చేస్తే ఊరికి వచ్చే పశువుల వైద్యం బండ్లు 2017 నుంచి నడుస్తున్నాయి. పి.వి. నరసింహారావు పేరు మీది పశువైద్య విశ్వవిద్యాలయం కింద కోరుట్లలోనే కాలేజీ ఉంది. అక్కడ చదివి బయటికొచ్చే పిల్లలు గేదెలూ గొర్రెలూ కోళ్లతో పాటు చిన్ని లాంటి వాటికీ జవాబు చెప్పవలసిన రోజులివి. ఊరి పశువుల దవాఖానలో కుక్క షుగర్ అంటే నవ్వే కాలం పోవాలి.

చిన్ని ఇప్పుడు ఎలా ఉందంటే, గిన్నె రోజుకు ఒకటిన్నరసార్లు ఖాళీ అవుతున్నది. బరువు నిలబడ్డది. చిన్నమ్మ మీటరు 160 అని చూపిస్తే ఆమె మనసులో ఇంకొంత కలుపుకుని డాక్టరుకు ఫోను చేస్తుంది. డోసు తనంతట తాను మార్చదు. గోడ మీద ఆమె కాగితం పక్కన ఇంకో కాగితం వచ్చింది. దాని మీద అంకె లేదు. నీళ్లు, తిండి, బరువు, నడక అని నాలుగు గళ్లు గీసి ఉన్నాయి.

మీ ఇంట్లో కుక్కో పిల్లో ఊరికే నీళ్లు తాగుతూ చిక్కిపోతుంటే మనుషుల మీటరైనా సరే తీసి చూడండి, తప్పు లేదు. ఎక్కువ చూపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి పోండి. మామూలుగా చూపించినా లక్షణాలుంటే పోండి, ఎందుకంటే అది తక్కువ చెప్పి ఉండొచ్చు. పోయేటప్పుడు ఆ మీటరునూ స్ట్రిప్పులనూ వెంట తీసుకుపోయి, ల్యాబుకు తీసిన రక్తంలోంచే ఒక చుక్క దాని మీదా వేయించి, రెండు అంకెలూ పక్కపక్కన రాయించుకోండి. తర్వాత మీటరు మార్చకండి. సిరంజి మూత రంగు సీసాకు సరిపోయిందో లేదో షాపులోనే చూసుకోండి. ఆడకుక్క అయితే ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో ఆ రోజే అడగండి.